మన చర్చా సంఘం వార్షిక నివేదిక: కార్యదర్శి సర్వసభ్య సమావేశానికి సమర్పించినది

సభ్యులందరికీ నమస్కారం. వరద తీసి, సార్వా కోతలు ఇంకా మొదలవని ఈ నాలుగు రోజుల్లోనే సమావేశం పెట్టుకోవడం మన ఆనవాయితీ. లేకపోతే కోరం ఉండదు.

నెలనెలా జరగాల్సిన చర్చలు పన్నెండింటిలో తొమ్మిది జరిగాయి. ఒకటి వరద వల్ల పోయింది. మిగతా రెండూ నేనూ, అధ్యక్షుల వారూ, టీ తెచ్చిన కుర్రాడూ మాత్రమే రావడం వల్ల పోయాయి. పిల్లలకు పాత పాఠ్యపుస్తకాల పంపిణీ ఎప్పటిలాగే జరిగింది.

ఈ ఏడాది గొప్పగా చెప్పుకోవలసింది ఫిబ్రవరి సభ. 'ఊళ్లో రాజకీయం వేడెక్కినప్పుడు పాఠం చెప్పేవాడు ఏం చెయ్యాలి' అన్నది విషయం. నెల ముందే అడ్వాన్సు తీసుకున్న హాలు వాళ్లు, రెండు రోజులుందనగా "మాకెందుకండీ ఈ టెన్షన్" అని డబ్బు తిరిగిచ్చేశారు. జిల్లా పేరు మార్పు మీద 2022 మేలో అమలాపురంలో జరిగిన అల్లర్లు, తర్వాత ఇంటర్నెట్ ఆపేసిన రోజులు ఎవరూ మర్చిపోలేదు. అందుకని వాళ్లను తప్పుపట్టను. పర్మిషన్ కోసం నన్ను నాలుగుసార్లు తిప్పి, చివరికి "వక్తలు ఏం మాట్లాడతారో ముందే రాసివ్వండి" అన్న అధికారిని మాత్రం తప్పుపడతాను. మన చరిత్ర మాస్టారు ఆ మాట విని, "రాసిచ్చి మాట్లాడితే దాన్ని అర్జీ అంటారు, ఉపన్యాసం అనరు" అన్నారు.

చివరికి కోశాధికారి గారి కొబ్బరితోటలో షామియానా వేశాం. వక్తలు ఇద్దరు రిటైర్డు లెక్చరర్లు, చరిత్ర మాస్టారూ, ఎకనామిక్స్ మాస్టారూ. ఇద్దరివీ చెరో పార్టీ అని మీకు తెలుసు. మనం పెట్టిన షరతు ఒక్కటే: ఎవరైనా ముందు అవతలివారి వాదన చెప్పాలి, అవతలివారు "అవును, నా మాట అదే" అన్నాకే తన మాట మొదలుపెట్టాలి.

చరిత్ర మాస్టారు 1907 ఎత్తుకున్నారు. స్వదేశీ ఉద్యమ నాయకుడు బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి వెళ్లాక విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకున్నారు. వాళ్ల కాలేజీ ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ ఊరుకోలేదు. ఆ విద్యార్థుల్లో ఒకరైన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిని ట్రైనింగ్ కాలేజీ నుంచి తీసేశారు, సర్కారు ఉద్యోగం దక్కకుండా చేశారు. తర్వాత ఆయనే గ్రంథాలయోద్యమానికి పెద్దదిక్కయ్యారు. "మీ సంఘం బీరువాలో పుస్తకాలకు ఆ డిస్మిస్ ఆర్డరూ ఒక కారణమే" అన్నారు మాస్టారు.

అసలు వాదన 1930 దగ్గర రాజుకుంది. సత్యాగ్రహులపై ప్రభుత్వ దమనకాండకు నిరసనగా కట్టమంచి రామలింగారెడ్డి గారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు (ఆంధ్రా యూనివర్సిటీ) వైస్ ఛాన్సలర్ పదవి వదిలేశారు. అదే కుర్చీలో 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు కూర్చున్నారు, రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలో ఒకప్పుడు పాఠాలు చెప్పిన ఆయనే. వదిలేసినాయన గొప్పా, కూర్చుని విశ్వవిద్యాలయం పెంచినాయన గొప్పా? ఎకనామిక్స్ మాస్టారు "అందరూ రాజీనామా చేస్తే పిల్లలకు పాఠం ఎవడు చెప్తాడు" అన్నారు. చరిత్ర మాస్టారు "అందరూ కూర్చుంటే కుర్చీకి విలువేముంది" అన్నారు. రెడ్డి గారు 1936లో మళ్లీ అదే పదవికి వచ్చారని ఇద్దరూ తమకు అనుకూలంగానే వాడుకున్నారు. గంటన్నర సాగింది, గొంతులు పెరిగాయి, కానీ ఎవరూ లేచి వెళ్లిపోలేదు.

డిగ్రీ చదివే ఒకమ్మాయి, జోర్డాన్‌లో 2017లో మొదలైన సెసమే అనే పరిశోధన కేంద్రంలో ఇరాన్, ఇజ్రాయెల్, పాకిస్తాన్ మూడూ సభ్యులేనని చెప్పింది. వెనక వరసలో ఎవరో "వాళ్లకి హాలు ఎవరిచ్చారమ్మా" అన్నారు. తోటంతా నవ్వింది.

తోట ఇచ్చిన కోశాధికారి దంపతులకు, కరెంటు పోతే జనరేటరు తెచ్చిన మైకుసెట్టు వారికి, పులిహోర పంపిన మహిళా సభ్యులకు, ఏటి అవతల నుంచి పంటు దాటి వచ్చిన లంక ఊళ్ల వారికి కృతజ్ఞతలు. వాట్సాప్‌లో బొటనవేలు చూపించిన నలభై మందిలో కుర్చీలు మోయడానికి వచ్చింది ఆరుగురు. గ్రూపులో రోజూ కత్తులు దూసుకునే పెద్దమనుషులు ఇద్దరూ ఆ రోజు పెళ్లికి వెళ్లారట. ఒకే పెళ్లికి.

జమాఖర్చుల కాగితం వెనక బల్ల మీద ఉంది, చూసుకోండి. చందా బకాయిదారుల పేర్లు చదవొద్దని అధ్యక్షుల వారు అన్నారు కాబట్టి చదవడం లేదు.

వచ్చే ఏడాది సభకు 'ఎన్నికల డ్యూటీ చేసే టీచరు, సొంత అభిప్రాయం' అన్న విషయం కార్యవర్గం ముందుంది. హాలు అడగాలా, నేరుగా తోటే అడగాలా అన్నది ఇప్పుడే తేల్చండి. దాళ్వా నాట్లు పడ్డాక మీరెవరూ ఫోను ఎత్తరు.