విదేశాంగ మంత్రి గారికి బహిరంగ లేఖ: డబ్బుతో పాటు మాట సాయం కూడా చేయండి

గౌరవనీయులైన జైశంకర్ గారికి,

నమస్కారం. పాలస్తీనా శరణార్థుల కోసం 1949లో ఐక్యరాజ్యసమితి పెట్టిన సంస్థ అన్‌ర్వా. దానికి మన దేశం ఏటా 50 లక్షల డాలర్లు ఇస్తూ వస్తోంది. 2024 అక్టోబరులో ఆ సంస్థ ద్వారానే 30 టన్నుల మందులు, సర్జరీ సామగ్రి, బిస్కెట్లు పంపాం. చాలా మంచి పని.

కానీ సరుకు పంపితే సరిపోదు కదా సార్. పిండి బస్తా గాజాలో గుడారం దాకా చేరాలంటే సరిహద్దులో లారీని వదలాలి, సిబ్బందికి వీసా ఇవ్వాలి. తమ అధికారులెవరూ అన్‌ర్వాతో సంబంధం పెట్టుకోకూడదంటూ 2024 అక్టోబరులో ఇజ్రాయెల్ పార్లమెంటు చేసిన చట్టాలతో వచ్చిన చిక్కంతా అక్కడే. ఐరాస సంస్థల సాయానికి, అన్‌ర్వాతో సహా, దారి ఇవ్వడం ఇజ్రాయెల్ బాధ్యతేనని 2025 అక్టోబరులో అంతర్జాతీయ న్యాయస్థానం కూడా చెప్పింది.

జోర్డాన్ శరణార్థి శిబిరాల్లోని అన్‌ర్వా బడులు చాలావరకు రెండు షిఫ్టుల్లో నడుస్తాయి: పొద్దున కొందరు పిల్లలు, మధ్యాహ్నం ఇంకొందరు. ఆ టీచర్ల జీతాలకు విరాళాలే దిక్కు.

ఇజ్రాయెల్‌తో మనకు మంచి స్నేహం ఉంది. ఆ చనువుతోనే గట్టిగా అడగండి, మొహమాటపడే సమయం కాదిది. లారీలను వదలమని మన రాయబారి చేత అడిగించండి. ఈ ఏడాది మన వాటా మొత్తాన్ని విడతలుగా కాకుండా ఒకేసారి విడుదల చేయండి.

ఇట్లు,
ఒక తెలుగు పౌరుడు