బాపూ, తమ్ముడితో మాట్లాడు

కెమ్నిట్స్, జర్మనీ

బాపూ,

నేను మంచిగా ఉన్నాను. చలి మొదలైంది. అమ్మ పంపిన కారప్పొడి అయిపోవచ్చింది. తమ్ముడికి మూడు సబ్జెక్టులు పోయాయని, వారం నుంచి నువ్వు వాడితో మాట్లాడటం లేదని అమ్మ చెప్పింది. ఫోన్‌లో అయితే నువ్వు "సరే బిడ్డా" అని అమ్మ చేతికి ఇచ్చేస్తావు. అందుకే రాస్తున్నాను.

నా బీటెక్ 58 శాతం. ఆ మెమో నువ్వు రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూశావు. ఏమీ అనకుండా మడిచి బీరువాలో పెట్టావు. ఇక్కడ మన మార్కులను వాళ్ళ లెక్కలోకి మార్చుకుంటారు. 1 వస్తే అన్నిటికంటే మంచిది, 4 వస్తే గట్టెక్కినట్టు. వందలోంచి నా 58 తీసేస్తే 42. పాస్ మార్కు 40 కాబట్టి ఆ 42ని 60తో భాగించి, మూడుతో గుణించి, ఒకటి కలిపితే 3.1 వచ్చింది. చాలా కోర్సులు 2.5 లోపు ఉండాలన్నాయి. ఐదు చోట్ల కాదన్నారు. ఆరో చోట మాత్రం నేను చదివిన సబ్జెక్టులు, ట్రాన్స్‌ఫార్మర్ల రిపేర్ షెడ్డులో చేసిన రెండేళ్ళ పని చూసి సీటిచ్చారు.

మొదటి సెమిస్టర్‌లో ఒక పరీక్ష ఫెయిలయ్యాను. అప్పుడు నీకు చెప్పలేదు. ఇక్కడ దిద్దిన పేపర్‌ను మనమే వెళ్ళి చూసుకోవచ్చు, దానికి ఒక రోజు పెడతారు. వెళ్ళి కూర్చున్నాను. దిద్దినాయన రెండో లెక్క దగ్గర పెన్సిల్ ఆనించి, "ఈ ఫార్ములా ఇక్కడ ఎందుకు వాడావు?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. అది బట్టీ పట్టింది. మూడు ఫేజుల మీద లోడ్ సమానంగా ఉంటేనే పనికొస్తుంది. లెక్కలో లోడ్ సమానంగా లేదు.

బాపూ, షెడ్డులో ఎన్ని కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్లు విప్పాను! ఒక ఫేజు కాయిల్ బొగ్గులా మాడి ఉండేది, పక్కది కొత్తదానిలా ఉండేది. చేత్తో పట్టుకుని చూసిన విషయాన్నే పరీక్షలో తప్పు రాశాను. బీటెక్ నాలుగేళ్ళలో సెమిస్టర్ జవాబు పత్రం ఒక్కటీ మళ్ళీ నా కంటపడలేదు. ఎన్ని మార్కులు పోయాయో తెలిసేది, ఎక్కడ పోయాయో తెలిసేది కాదు. ఆ రోజు రూముకొచ్చి చాలాసేపు ఏడ్చాను. బాధతో కాదు. నాకు చదువు రాదనుకున్న అన్నేళ్ళూ గుర్తొచ్చి.

రెండోసారి రాస్తే అదే పరీక్షలో 2.0. తరువాత ప్రతి పేపర్‌నూ వెళ్ళి చూసుకున్నాను. థీసిస్ కూడా మన ట్రాన్స్‌ఫార్మర్ల మీదే చేశాను. కాయిల్‌కు చుట్టే మామూలు కాగితం ఉంది చూడు, వేడి 98 డిగ్రీలు దాటాక ప్రతి ఆరు డిగ్రీలకూ దాని ఆయుష్షు సగానికి పడిపోతుంది. యాసంగిలో మోటార్లన్నీ ఒక్కసారే నడిస్తే లోపల జరిగేది అదే. ఆ థీసిస్‌కు 1.3 వచ్చింది. అమ్మ "ఏంది బిడ్డా, నూటికా?" అని కంగారు పడింది, గుర్తుందా?

తమ్ముడు చదవడం లేదని నువ్వనుకుంటున్నావు. వాడు రాత్రి ఒంటిగంటకు నాకు లెక్కలు పంపి, ఎక్కడ తప్పిందో చెప్పమని అడుగుతున్నాడు. నేను ఫెయిలైన సంగతి వాడికి ముందే చెప్పాను. పోయిన ఏడాది మన మోటార్ స్టార్టర్ విప్పి బాగుచేసింది వాడే కదా, నువ్వు పక్కనే లైటు పట్టుకుని నిలబడ్డావు. ఈ రోజు వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని అన్నం తిను. మార్కుల గురించి అడగకు. మూడు సబ్జెక్టుల నోట్సు ఫోటోలు తీసి పంపమను. మీకు రాత్రి తొమ్మిదైతే నాకు సాయంత్రం నాలుగున్నర. రోజూ గంట వాడితో కూర్చుంటాను.

ఇంకోటి, మన పొలం దగ్గరి ట్రాన్స్‌ఫార్మర్ మీద ఇప్పుడు ఎన్ని మోటార్లున్నాయో ఇద్దరూ వెళ్ళి లెక్కపెట్టి చెప్పండి.

నీ బిడ్డ