నల్లబెల్లం, పితికి పప్పు

రేయ్ మామా,

నీ ఉత్తరం మొన్న చేరింది. ఇంట్లో సరుకులన్నీ ఒకేసారి ఆర్గానిక్‌కి మార్చేస్తానంటివే, అంత తొందరొద్దు రా. ముందు రోజూ నోట్లోకి పోయేవి చూసుకో: బెల్లం, నూనె, బియ్యం. తక్కినవి మెల్లగా.

బెల్లం దగ్గర నేను మోసపోయినా. పోయినేడు ఇక్కడ ఒక అంగట్లో సేంద్రియం అని రాసి ఉంటే నమ్మి తెచ్చినా. పసుప్పచ్చగా మెరుస్తా ఉండింది. అమ్మ ఒక ముక్క గిల్లి, "హైడ్రోస్ వేయంది ఈ రంగు యాడొస్తాది నాయనా" అనింది. బెల్లం రంగు తేలేదానికి వేసే మందు అది. చెరకు గానుగల మధ్యనే పుట్టి పెరిగిన మనిషి కదా. ఆ ఆదివారమే కాణిపాకం దారిలో ఒక రైతు గానుగ కాడికి పోయి, దించేదాకా నిలబడి చూసినా. పెనంలో రసం తెర్లుతా ఉంటే బెండకాడల జిగురునీళ్లు పోసినాడు. మడ్డంతా నురగై పైకి తేలింది, జల్లిగంటెతో తీసేసినాడు. తెలుపు చేసే మందు ఊసే లేదు. ఆరిన దిమ్మ వేయించిన కాఫీగింజ రంగులో ఉండింది. ఒకటి గుర్తుపెట్టుకో: పాయసంలో ఈ బెల్లం వేసేముందు పొయ్యి ఆపి కాస్త చల్లారనీ, లేకుంటే పాలు విరుగుతాయి.

గానుగ నూనెకి ఒక లెక్కుంది. లీటరు శనక్కాయ నూనె దిగాలంటే దాదాపు 2.5 కిలోల విత్తనాలు ఆడించాల. నూనె తీసినాక మిగిలే చెక్క అమ్మితే వచ్చేది కొంచెమే. విత్తనాల ధరకన్నా తక్కువకి నూనె ఇస్తామంటే ఎట్లిస్తారో అడుగు.

బియ్యం ఒక్కసారే పాలిష్ పట్టినవి తీసుకో. పైన తవుడుంటుంది కాబట్టి పురుగు తొందరగా పడతాది, ముక్కవాసన కూడా వస్తాది. నెలకి సరిపడానే కొను, వండేముందు గంటైనా నానబెట్టు. తిరుమలలో స్వామి నైవేద్యానికి గోఆధారిత సేద్యం బియ్యం 2021లో మొదలుపెట్టినాక అమ్మకి వీటిమీద బాగా గురి కుదిరింది.

పొట్లం మీద సేంద్రియ పంటకిచ్చే పీజీఎస్ ముద్ర ఉంటే మంచిదే. కనీసం 5 మంది రైతులు గుంపుగా చేరి ఒకరి చేను ఒకరు తనిఖీ చేసుకునే పద్ధతి అది. అయినా నాకు చేను చూస్తేనే మనసు నిలుస్తాది. మాకు కూరగాయలిచ్చే ఆయన 200 లీటర్ల డ్రమ్ములో 10 కిలోల పేడ, గోమూత్రం, 2 కిలోల శనగపిండి, గట్టు మీది మన్ను పిడికెడు వేసి పైరుకి పోసే జీవామృతం కలుపుతాడు. దాంట్లోకి పోయే 2 కిలోల బెల్లం కూడా ఆ నల్లదే.

ఇప్పుడు ఆయన చేన్లో అనపకాయలు దిగినాయి రా, సొరకాయ కాదు, చిక్కుడు జాతివి! కాయ పట్టుకుంటే చేతికి జిడ్డు, ఆ వాసన సబ్బుతో కడిగినా పోదు. కొన్నింట్లో పుచ్చుంటాది, ఏరి పారేస్తాం. గింజలు రాత్రి నానబెట్టి, పొద్దున రెండేళ్ల మధ్య పట్టి నొక్కితే పచ్చటి పప్పు చటుక్కున గిన్నెలోకి దూకుతాది, అదే పితికి పప్పు. ఎర్రగడ్డ, టమోటా మగ్గినాక కొబ్బరి, ధనియాలు, గసగసాలు నూరిన ముద్ద వేసి, పప్పు మెత్తబడేదాకా సన్నసెగన ఉడికించు. కుక్కర్లో పెట్టొద్దు, చిదికిపోతాది. వేడి సంగటి ముద్దకి గుంత చేసి పోసుకుంటే ఇంకో కూర తలపుకే రాదు.

సంక్రాంతికి చెల్లెమ్మని, పిల్లోళ్లని తోడుకోనిరా. భోగి ముందురోజు రాత్రికి గింజలు నానబెట్టిస్తా, పొద్దున అందరం కూర్చుని పితుకుదాం. పోయేటప్పుడు నీకు 5 కిలోల బెల్లం కట్టిస్తా.

చిత్తూరు నుంచి,
నీ మామ