ఎనిమిదో తరగతి తల్లిదండ్రులకు: పీరియడ్లు లేని హైస్కూలు గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

మన ఆదివారం తెలుగు బడి పిల్లల్లో కొందరు వచ్చే ఏడు హైస్కూలుకు వెళ్తారు. ఇళ్లలో చార్టర్ బడుల (ప్రభుత్వ డబ్బుతోనే, కానీ సొంత నిర్వహణలో నడిచే బడుల) మాట నడుస్తోంది కాబట్టి ఈ ఉత్తరం.

అమెరికాలో మొదటి చార్టర్ చట్టం చేసింది మన మిన్నెసోటాయే, 1991లో. మరుసటి ఏడే సెయింట్ పాల్‌లో సిటీ అకాడమీ తెరిచారు. చదువు మధ్యలో మానేసిన పిల్లల కోసం పెట్టింది అది. దాంతో ఇలా మామూలు పద్ధతికి భిన్నంగా నడిచే ఆల్టర్నేటివ్ బడి అనగానే వెనకబడ్డవాళ్ల బడే అనుకుంటారు. హెండర్సన్‌లోని మిన్నెసోటా న్యూ కంట్రీ స్కూలును చూస్తే ఆ అభిప్రాయం నిలవదు. 1994లో మొదలైన ఈ బడి పిల్లలు, 1995 ఆగస్టులో దగ్గర్లోని చెరువు గట్టున కాళ్లు వంకరపోయిన, కాళ్లే లేని కప్పలను గమనించారు. అవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, వివరాలు రాసి పెట్టారు. విషయం రాష్ట్ర కాలుష్య నియంత్రణ సంస్థకు చేరింది, దేశమంతా పరిశోధన సాగింది.

అక్కడ గంట కొట్టి పీరియడు మార్చడం ఉండదు. ప్రతి పిల్లకూ సొంత బల్ల, ఒక అడ్వైజర్ ఉంటారు. ఏం చేయబోతోందో, అది రాష్ట్రం నిర్దేశించిన ఏ అంశాలకు సరిపోతుందో పిల్లే ముందు రాసిచ్చి ఒప్పుకోలు తీసుకోవాలి. పని చేసిన గంటలు రోజూ నమోదు చేయాలి. చివర్లో పెద్దల ముందు పని చూపిస్తే, దాన్నిబట్టి క్రెడిట్ (డిప్లొమాకు లెక్కకొచ్చే చదువు కొలత) ఇస్తారు. బడిని నడపడానికి టీచర్లే సహకార సంఘంగా ఏర్పడ్డారు, ప్రిన్సిపాల్ కుర్చీ పెట్టలేదు. ఈ మాట ఒక ప్రిన్సిపాల్ రాస్తుంటే మీకు నవ్వు రావచ్చు.

ఈ పద్ధతి చెడేది సాధారణంగా రెండు చోట్ల. మొదటిది, అంశం మరీ పెద్దది కావడం. “అంతరిక్షం” అని రాసిచ్చిన పిల్లకు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు, గంటల నమోదు ఖాళీగా ఉండిపోతుంది, నెలలు గడిచాక క్రెడిట్లు చాలవు. రెండోది లెక్కలు. ఏ ప్రాజెక్టు చేసినా ఆల్జీబ్రా 2 (హైస్కూలు బీజగణితం) దానంతటది రాదు. దానికి రోజూ వేరే సమయం కేటాయించి కూర్చోవలసిందే. ఇంట్లో మీరు అడగవలసింది మార్కులు కాదు, ఈ వారం నమోదైన గంటలు.

ఇక ప్రవేశం. చార్టర్ అంటే ప్రభుత్వ బడే. ఫీజు లేదు, ప్రవేశ పరీక్ష లేదు, టీచర్లకు లైసెన్సు తప్పనిసరి. దరఖాస్తులు సీట్లను మించితే లాటరీ తీస్తారు. తోబుట్టువులు అక్కడ చదువుతుంటే ముందు చోటిస్తారు. గడువు బడిని బట్టి మారుతుంది. చాలామంది మరిచేది బస్సు. బడి ఉన్న స్కూల్ డిస్ట్రిక్టు బయట కాపురముంటే, ఆ సరిహద్దు దాకా పిల్లను చేర్చే బాధ్యత మీదే. మినియాపోలిస్ నుంచి హెండర్సన్‌కు కారులో సుమారు గంట.

డిప్లొమాకు రాష్ట్రం అడిగే 21.5 క్రెడిట్లు ఇక్కడా తగ్గవు. పదకొండు, పన్నెండు తరగతుల్లో పీఎస్ఈఓ (హైస్కూలులో ఉండగానే కాలేజీ కోర్సులు చదివించే రాష్ట్ర పథకం) కింద కాలేజీ కోర్సులు ఉచితంగా తీసుకోవచ్చు. కాలేజీలో ఆటలు ఆడాలనుకునే పిల్లలైతే, ప్రాజెక్టు క్రెడిట్లను ఎన్‌సీఏఏ (కాలేజీ క్రీడల జాతీయ సంఘం) కోర్ కోర్సులుగా, అంటే తాను తప్పనిసరిగా అడిగే సబ్జెక్టులుగా ఒప్పుకుంటుందో లేదో తొమ్మిదో తరగతిలో చేరకముందే కనుక్కోండి. బడి చూడడానికి వెళ్లినప్పుడు ఒక పాత ట్రాన్‌స్క్రిప్టు (చదివిన కోర్సులు, క్రెడిట్ల పట్టీ) నమూనా, పేరు తీసేసినది, చూపించమనండి. ప్రాజెక్టులు అందులో ఏ సబ్జెక్టు పేరుతో పడ్డాయో చూడండి.

ఇట్లు,
ప్రిన్సిపాల్