వంతెన తెరిచారు, నూనె ధర మాత్రం ఇంకో మూడు వారాలు ఇంతే

మన గానుగ కొట్టుకు వచ్చే అన్నలకు, అక్కలకు నమస్కారం.

కాలువ మీద కొత్త వంతెన తెరిచారు. తిరుపతి నుంచి రామచంద్రాపురం వైపు వచ్చేవాళ్లు ఇక ఊరంతా చుట్టి రానక్కర్లేదు. స్కూటర్లు, ఆటోలు, కార్లు కొట్టు ముందుకే వస్తున్నాయి. ఇళ్లకు నూనె పంపడం సోమవారం నుంచి మళ్లీ మొదలుపెడతాను.

దారి మూసినప్పుడు లీటరుకు 15 రూపాయలు పెంచాను. "వంతెన అయిపోయింది కదా, ఇంకా తగ్గించలేదేం?" అని నిన్న ఇద్దరు అడిగారు. అడగాల్సిన మాటే. లీటరు నూనెకు సుమారు రెండున్నర కిలోల వేరుశెనగ గింజలు కావాలి. ఆ గింజల లోడు బండి ఇప్పటికీ చుట్టు దారిలోనే వస్తోంది, బాడుగ తగ్గలేదు. స్లాబు గట్టిపడింది గానీ అవతలి పక్క మట్టిని ఆపే గోడ పోసి వారమే అయింది. కాంక్రీటుకు అనుకున్న బలం వచ్చిందా లేదా అన్నది 28 రోజులకు చూస్తారు. ఈలోగా దాని వెనక మట్టి మీదికి లోడు బండి ఎక్కితే ఆ బరువు గోడను బయటికి తోస్తుంది. "రాత్రిపూట ఎవరు చూస్తారన్నా, దాటించేస్తా" అన్నాడు డ్రైవరు. వద్దన్నాను. మూడు వారాలు ఆగితే పోయేదేమీ లేదు. బండి నేరుగా వచ్చిన రోజే పాత ధర.

ఇంకో విషయం కూడా చెప్పాలి. ఈ కాలువ బాగుచేస్తామన్నప్పుడు వద్దని అర్జీ మీద మొదటి సంతకం నాదే. చెరువుకు నీళ్లు తెచ్చే పాత కాలువ ఇది. వాడక పోయి, కంపచెట్లు మొలిచి, పూడిపోయింది. దాని మీద రెండు సిమెంటు తూములు వేసి రోడ్డు పోశారు. "ఇంకో రెండు తూములు వేస్తే సరిపోతుంది, రోడ్డు తవ్వకండి" అని వాదించాను.

2021 నవంబరు మీకు గుర్తుండే ఉంటుంది, రాయలచెరువు కట్ట లీకై కింది ఊళ్లు ఖాళీ చేయించిన రోజులు. ఆ వానకు మా తూములకు కంప అడ్డం పడి, నీళ్లు రోడ్డు దాటి కొట్టులోకి వచ్చాయి. అడుగు వరస బస్తాలు తడిశాయి. నాలుగో రోజు ఒక బస్తాలో చెయ్యి పెడితే లోపల వెచ్చగా ఉంది. గుప్పెడు తీసి చూస్తే గింజల మీద పచ్చటి బూజు. ఆ బూజు నుంచి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది, ఎండబెట్టినా పోదు. 11 బస్తాలు పారబోశాను. అప్పుడు వాననే తిట్టుకున్నాను.

వంతెన పని మొదలై జేసీబీ ఆ తూములు పీకాక కింద పాత రాతి వంతెన పునాది బయటపడింది, గార ఇంకా రాళ్లను పట్టుకునే ఉంది. అసలు కాలువ అడుగు తూముల కంటే నాలుగడుగులు కింద! పూడిక మీదే తూములు పెట్టేశారన్నమాట. పైగా గొట్టం వెడల్పు సగమైతే పారే నీళ్లు సగం కావట, దాదాపు ఆరో వంతుకు పడిపోతాయట. సైటు ఇంజనీరు కాగితం మీద లెక్క వేసి చూపించాడు. ఇంకో రెండు తూములన్న నా మాట తప్పు. ఆయనకు ఆ రోజే చెప్పాను, మీకూ చెబుతున్నాను.

ఇన్నాళ్లూ చుట్టు తిరిగి వచ్చినవాళ్లకు ఎంత చెప్పినా తక్కువే. సీసాలు తెచ్చేవాళ్లు లోపల తడి లేకుండా ఆరబెట్టి తెండి. వంతెన దిగాక కుడి పక్క ఇంకా బురదగా ఉంది, బండి ఎడమ పక్క వేపచెట్టు కింద ఆపండి.