మోజెల్ వైన్‌లో తీపి చక్కెర బస్తాలోంచి వచ్చింది కాదు

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ స్పెషల్ పేజీలో యూరప్ వైన్ల మీద వచ్చిన ఆర్టికల్ చదివానండి. ఫ్రాన్స్ గురించి, ఇటలీ గురించి బాగానే రాశారు. జర్మనీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం రెండే రెండు లైన్లు, అక్కడ చలి ఎక్కువ కాబట్టి ద్రాక్ష సరిగ్గా పండదు, ఆ పులుపు తెలియకుండా ఉండటానికి చక్కెర కలిపేస్తారు అని తేల్చేశారు. చదవగానే మనసు చివుక్కుమంది. నేను జర్మనీలో ట్రియర్ అనే ఊళ్ళో చదువుకునే రోజుల్లో రెండేళ్ళు వరసగా అక్టోబర్‌లో మోజెల్ నది పక్కన ఒక చిన్న ఊళ్ళో ద్రాక్ష కోతకి కూలికెళ్ళాను, ఆ కొండ ఎక్కి దిగిన మనిషిని కాబట్టి ఇది రాయకుండా ఊరుకోలేకపోతున్నా.

మోజెల్ ఫ్రాన్స్‌లో పుట్టి, లక్సెంబర్గ్ అంచునే పారి, ట్రియర్ దాటాక మెలికలు తిరుగుతూ పోయి కోబ్లెంజ్ దగ్గర రైన్‌లో కలుస్తుంది. ఆ లోయ ఉండేది దాదాపు 50 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, అంత పైన ద్రాక్ష పండటమే గొప్ప విషయం. ఎలా పండుతుందయ్యా అంటే నది మెలిక తిరిగిన ప్రతిచోటా ఎండకి ఎదురుగా ఉండే కొండవాలు ఒకటి దొరుకుతుంది, మంచి తోటలన్నీ ఆ వాలు మీదే. వాలు నిటారుగా ఉండేకొద్దీ ఆ ఏటవాలు ఎండ నేరుగా తగులుతుంది, కింద నీళ్ళ మీద పడ్డ వెలుతురు కూడా పైకి కొడుతుంది. బ్రెమ్ అనే ఊళ్ళో కాల్‌మాంట్ అనే తోట ఉంది, కొన్నిచోట్ల వాలు 65 డిగ్రీల దాకా ఉంటుంది, కింద నిలబడి చూస్తే గోడకి తీగలు అతికించినట్టు కనపడుతుంది.

ఇక ఆ నేల. మట్టి అనటానికి లేదు, మొత్తం పలకరాయి ముక్కలే, చిన్నప్పుడు మనం అక్షరాలు దిద్దుకున్న పలక లాంటి రాయే, 40 కోట్ల ఏళ్ళ నాటిది. నల్లగా ఉంటుంది కాబట్టి పగలంతా ఎండ తాగుతుంది, పొద్దు వాలాక ఆ వేడి తీగకి తిరిగిస్తుంది. కోత రోజుల్లో సాయంత్రం స్వెట్టర్ వేసుకున్నా చలి పుడుతుంటే కింద రాయి మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలేది, నాకు ఇప్పటికీ అరచేతిలో గుర్తుంది. అడుగేస్తే చాలు రాళ్ళు టకటకమంటూ కిందకి జారిపోతాయి. తోట యజమాని, డెబ్బై దాటిన పెద్దాయన, సాయంత్రం దిగేటప్పుడు జారిన పలకలు ఏరి పై వరసలోకి విసిరేవాడు, వాళ్ళ నాన్న అలాగే చేసేవాడట, వాళ్ళ తాత కూడానట. తీగలకి కంచె తీగలు ఉండవు, ఒక్కో తీగకి ఒక్కో కర్ర, కొమ్మల్ని అటూ ఇటూ వంచి గుండె ఆకారంలో కడతారు, అలా అయితేనే మనిషి వాలుకి అడ్డంగా నడవగలడు. ట్రాక్టర్ ఊసే లేదు. ఒంటి పట్టా మీద పాకే బుల్లి రైలు లాంటిది ఉన్నచోట అదృష్టం, లేనిచోట ద్రాక్ష గుత్తులు వీపు మీద డబ్బాలో మోసుకు దిగాల్సిందే.

ఇప్పుడు అసలు తీపి సంగతికి వస్తా. వేడి దేశాల్లో ద్రాక్ష తొందరగా పండుతుంది, చక్కెర గబగబా ఎక్కుతుంది, పులుపు పడిపోతుంది. మోజెల్‌లో పెంచేది ఎక్కువగా రీస్లింగ్ అనే తెల్ల ద్రాక్ష, అది ఆలస్యంగా పండే రకం, రాత్రిళ్ళు చల్లగా ఉండటం వల్ల కాయలో పులుపు కరిగిపోకుండా నిలుస్తుంది, వాసన కట్టడానికి దానికి చాలా టైమ్ దొరుకుతుంది. అంటే చలి అక్కడ లోపం కాదండి, ఆ వైన్‌కి ప్రాణమే అది.

ఆ రసాన్ని పాత పద్ధతిలో అయితే ఫూడర్ అనే 1000 లీటర్ల ఓక్ పీపాలో పోస్తారు, పీపా ఎంత పాతదంటే చెక్క రుచి అసలు దిగదు. బయటి ఈస్ట్ వెయ్యని ఇళ్ళు చాలా ఉన్నాయి, తోటలోంచీ సెల్లార్‌లోంచీ వచ్చిన ఈస్టే పని మొదలుపెడుతుంది. జనవరిలో ఒకసారి పెద్దాయన నన్ను సెల్లార్‌లోకి తీసుకెళ్ళి పీపాకి చెవి ఆనించమన్నాడు, లోపల సన్నగా బుస్‌మంటున్న చప్పుడు, మధ్యమధ్యలో ఒక బుడగ. "ఇంకా నిద్రపోలేదు, వచ్చే వారం పోతుంది చూడు" అన్నాడు. చలి ముదిరేకొద్దీ ఈస్ట్ నెమ్మదించి ఆగిపోతుంది, చక్కెర మొత్తం ఆల్కహాల్‌గా మారకముందే ఆగింది కాబట్టి ద్రాక్షలో పుట్టిన తీపే కొంత మిగిలిపోతుంది. ఇప్పుడు చాలామంది ఆ ఆపే పని స్టీల్ ట్యాంకుల్లో చల్లబరిచి, వడకట్టి చేస్తున్నారు, సూత్రం మాత్రం అదే. అందుకే ఆ వైన్‌లో ఆల్కహాల్ 8, 9 శాతం దగ్గరే ఉంటుంది. నోట్లో పెట్టగానే తీపి, వెంటనే వెనకనుంచి పులుపు వచ్చి ఆ తీపిని ఈడ్చుకెళ్ళిపోతుంది, నాలుక మీద నిమ్మతొక్క, పచ్చి ఆపిల్, వాన తడిపిన రాయి లాంటి వాసన మిగులుతాయి. జిగట ఉండదు. పులుపు కప్పెయ్యడానికి తీపి వేశారు అన్న మాట దీనికి ఎక్కడ అతుకుతుందండి?

చట్టం కూడా మీ ఆర్టికల్ చెప్పినట్టు లేదు. కాబినెట్, ష్పేట్‌లేజె, ఆవుస్‌లేజె అని లేబుల్ మీద కనపడే మెట్లు కోసినప్పుడు రసంలో ఎంత చక్కెర ఉందన్న లెక్కతో వచ్చినవి, వీటిలో గరిటెడు చక్కెర కూడా కలపకూడదు. కింది తరగతి వైన్లలో కలపనిస్తారు, కాదనను, కానీ అది పులియక ముందు కలిపేది, ఆల్కహాల్ పెంచటానికే, తీపి కోసం కాదు. తీపి బయటినుంచి చేర్చాలంటే పులియని ద్రాక్షరసమే కలపాలి.

ఈ చక్కెర కథ ఎక్కడిదో కూడా చెప్పాలి, ఎందుకంటే దాని వెనక ఆకలి ఉంది. 1815లో ఆ ప్రాంతం జర్మన్ రాజ్యాల్లో ఒకటైన ప్రష్యా చేతికొచ్చింది, మొదట్లో మోజెల్ రైతులు బాగుపడ్డారు, 1834లో జర్మన్ రాజ్యాల మధ్య సుంకాలు ఎత్తేసేసరికి దక్షిణాది వైన్లు వచ్చిపడి ధరలు కూలిపోయాయి, రైతులు అప్పుల్లో మునిగిపోయారు. ఆ కష్టం గురించి 1843 జనవరిలో కొలోన్ నగరం నుంచి వచ్చే ఒక పత్రికలో రాసిన ఎడిటర్ ఎవరో తెలుసా, ట్రియర్‌లోనే పుట్టిన కార్ల్ మార్క్స్, అప్పటికి పాతికేళ్ళు కూడా లేవు. ఆ మార్చి ఆఖరికల్లా ప్రభుత్వం పత్రిక మూయించేసింది. ఆర్థిక విషయాల వైపు తనని మొదట నెట్టిన వాటిలో మోజెల్ రైతుల గొడవ ఒకటని తర్వాత ఆయనే రాసుకున్నాడు. మార్క్స్ పేరు తెలియని తెలుగువాళ్ళు తక్కువ, ఈ ద్రాక్ష కొండల సంగతి తెలిసినవాళ్ళు ఎంతమంది? అదే ట్రియర్‌లో లుడ్విగ్ గాల్ అనే ఆయన 1850ల్లో, కాయ పండని ఏడాది రసంలో చక్కెర నీళ్ళు కలిపితే వైన్ నిలబడుతుంది, రైతు బతుకుతాడు అని ప్రచారం చేశాడు. మోసం చెయ్యటానికి పుట్టిన ఆలోచన కాదు అది.

చెడ్డపేరు రావటానికి అసలు కారణం నా లెక్క ప్రకారం 1971లో వచ్చిన జర్మన్ వైన్ చట్టం. మోజెల్ పక్కనే ఉన్న పీస్‌పోర్ట్ ఊరి నిటారు వాలు మీద గోల్డ్‌ట్రోప్‌షెన్ అనే గొప్ప తోట ఉంది, ఆ ఊరి పేరే వాడుకుని పీస్‌పోర్టర్ మిఖెల్స్‌బెర్గ్ అని, చుట్టుపక్కల చాలా ఊళ్ళ చదును నేలల్లో పండిన చవక రకాలు కూడా అమ్ముకోనిచ్చారు. కొనేవాడికి తేడా ఎలా తెలుస్తుంది? ప్రపంచమంతా తాగి జర్మన్ వైన్ అంటే చప్పటి తీపినీళ్ళు అనుకున్నది ఇలాంటివే. మీ ఆర్టికల్ రాసినాయన కూడా అలాంటి సీసాయే చూసుంటాడు, ఆయన తప్పని అనను.

ఇంకొకటి, ఆ చలి కూడా ఇప్పుడు తగ్గిపోతోంది. గడ్డకట్టిన ద్రాక్షని పిండి చేసే తీపి వైన్ ఒకటుంది, ఐస్‌వైన్ అంటారు, అది చెయ్యాలంటే గుత్తులు తీగ మీదే గడ్డకట్టాలి, కనీసం మైనస్ 7 డిగ్రీలు ఉండాలి, 2019 పంటకి జర్మనీ మొత్తం మీద ఎక్కడా ఆ చలి రాలేదు, ఐస్‌వైనే లేదు. చలికాలం వెచ్చగా ఉంటే తీగ ముందే చిగురిస్తుంది, తర్వాత ఏప్రిల్‌లో మంచు పడి ఆ చిగురు మాడిపోతుంది, 2017లో అదే, 2024లో మళ్ళీ అదే. అక్టోబర్ కోతలు సెప్టెంబర్‌కి ముందుకొచ్చేశాయి, కాయలో చక్కెర తక్కువుండాల్సిన పలచని కాబినెట్ చెయ్యటమే కష్టమవుతోంది. పైగా ఆ వాలు మీద చదును తోటకంటే ఎన్నో రెట్లు పని, పిల్లలు ఎక్కట్లేదు.

పెద్దాయన పోయినేడు ఫోటో పంపించాడు. నేను కోసిన పై మూడు వరసలు వదిలేశాడు, మోకాళ్ళు సహకరించట్లేదట, అప్పుడే ముళ్ళపొదలు కర్రల ఎత్తున ఎక్కేశాయి. కింది వరసలు మాత్రం ఇంకా శుభ్రంగా ఉన్నాయి, పలకలు ఎవరో ఏరి పైకి వేసినట్టు తెలుస్తోంది.

వీలైతే వచ్చే ఆదివారం అదే పేజీలో, ఆ చక్కెర మాట తప్పని ఒక్క లైన్ వెయ్యండి.

ఇట్లు,
మీ పాఠకుడు