డబ్బా మీది '675 రెట్లు' నమ్మొద్దు

సంపాదకులకు నమస్కారం.

చిన్న టెలిస్కోపుల డబ్బాల మీద '675 రెట్లు' పెద్దగా చూపిస్తుందని అచ్చువేయడం కొనేవాళ్లను మోసగించడమే. టెలిస్కోపు ముందుండే కటకం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో, ఆ అంకెకు రెండింతల రెట్ల వరకే బొమ్మ పనికొస్తుంది. అంటే 60 మి.మీ. టెలిస్కోపుకు హద్దు 120 రెట్లు, అదీ గాలి నిలకడగా ఉన్న రాత్రి. గొట్టం నాభ్యంతరాన్ని (ముందు కటకం నుంచి బొమ్మ ఏర్పడే చోటికి ఉన్న దూరాన్ని) ఐపీస్ (కన్ను ఆనించి చూసే చిన్న కటకం) నాభ్యంతరంతో భాగిస్తే లెక్క తేలిపోతుంది: 700 మి.మీ. గొట్టానికి 20 మి.మీ. ఐపీస్ పెడితే 35 రెట్లు, 4 మి.మీ.ది పెడితే 175. ఆ 175 దగ్గర శని మసక ముద్దలా ఉంటుంది, స్టాండు కాస్త కదిలినా చూపులోంచి జారిపోతుంది. 10 మి.మీ.తో, 70 రెట్ల దగ్గర, వలయం చక్కగా తెలుస్తుంది. వెతకడం మాత్రం ఎప్పుడూ 20 మి.మీ.తోనే మొదలుపెట్టాలి. ఫైండర్‌ను (గురి చూసుకోవడానికి గొట్టం మీద బిగించే చిన్న దుర్బిణిని) పగలే దూరపు స్తంభం కొన మీద సరిచేసుకోవాలి. ఇది వదిలేసి చీకట్లో తడుముకుని, విసిగి టెలిస్కోపును అటకెక్కించేవాళ్లే ఎక్కువ.

ఐపీస్‌కు బిగించే సూర్య ఫిల్టరు డబ్బాలో ఉంటే వెంటనే పారేయండి. ఒకచోట కేంద్రీకరించిన వేడికి అది పగిలితే కంటిచూపు పోతుంది. సూర్యుణ్ని చూడాలంటే గొట్టం ముందుభాగాన్ని పూర్తిగా కప్పే ఫిల్టరే వాడాలి, ఫైండర్‌కు మూత తీయకూడదు. రెట్ల అంకెకు బదులు ఈ హెచ్చరికను తయారీదారులు పెద్ద అక్షరాల్లో ముద్రించాలి.

– ఒక ఖగోళ పరిశీలకుడు